ఉపగ్రహం వేగం, ఒక చుట్టుకు పట్టే కాలం లెక్కకట్టడం ఎలా?

"ఏటండీ, సూత్రం సరిగ్గానే వేశాను, వేగం సెకనుకు 30 కిలోమీటర్లు వచ్చింది. తప్పెక్కడ?" శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలు గురుత్వాకర్షణ పాఠానికి వచ్చేసరికి అడిగే ప్రశ్న ఇదే. 30 అనగానే తప్పు దొరికిపోతుంది: భూమి వ్యాసార్థం కలపడం మర్చిపోయారు. అదే 2,42,000 వచ్చిందంటే మీటర్లూ కిలోమీటర్లూ కలగలిశాయి. ఈ లెక్కలో జరిగే తప్పులు నాలుగైదే, ఒక్కో తప్పుకూ ఒక్కో ఆనవాలు ఉంటుంది. లెక్క చేయడం పది నిమిషాల పని. వచ్చిన జవాబును పట్టి చూడడం దగ్గరే ఎక్కువమంది జారిపోతారు.

కావలసినవి

• ఉపగ్రహం ఎత్తు, కిలోమీటర్లలో. ఉదాహరణకు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తీసుకుందాం. అది 400 నుంచి 420 కి.మీ. ఎత్తులో తిరుగుతుంది. మనం 420 అనుకుందాం.
• భూమి వ్యాసార్థం: సగటున 6,371 కి.మీ. భూమధ్యరేఖ దగ్గర 6,378. పరీక్షల్లో చాలాసార్లు 6,400 ఇస్తారు.
• జీఎం, అంటే గురుత్వ స్థిరాంకాన్ని భూమి ద్రవ్యరాశితో గుణిస్తే వచ్చేది: కిలోమీటర్లు, సెకన్లలో 3,98,600. మీటర్లలో అయితే 3.986 × 10¹⁴.
• 6.2832. ఇది 2π (రెండింతల పై) విలువ.
• కాగితం, పెన్ను. ఫోన్లో కాలిక్యులేటర్ ఉంటే మంచిదే. కానీ ఈఏపీసెట్‌కి వెళ్లేవాళ్లు చేత్తో చేయడం అలవాటు చేసుకోండి, అక్కడ కాలిక్యులేటర్ లోపలికి రానివ్వరు.

ఉపగ్రహం బరువు ఈ జాబితాలో లేదు, మర్చిపోయి కాదు. వందల టన్నుల అంతరిక్ష కేంద్రమైనా, దాన్నుంచి జారిపడిన స్పానరైనా అదే ఎత్తులో అదే వేగంతో తిరుగుతాయి. ప్రశ్నలో బరువు ఇచ్చారంటే శక్తి అడగబోతున్నారనో, మిమ్మల్ని తికమక పెట్టాలనో అర్థం.

సూత్రాలు రెండే:

వేగం = √(జీఎం ÷ దూరం)
కాలం = 6.2832 × దూరం ÷ వేగం

భూమి లాగే బలమే ఉపగ్రహాన్ని వలయంలో తిప్పే అభికేంద్ర బలం అని రాస్తే మొదటిది వస్తుంది. రెండోది చుట్టుకొలతను వేగంతో భాగించడం, అంతే.

లెక్క చేసే క్రమం

1. ఎత్తుకు భూమి వ్యాసార్థం కలపండి. సూత్రంలో "దూరం" అంటే భూమి కేంద్రం నుంచి దూరం. 6,371 + 420 = 6,791 కి.మీ. ఈ మెట్టు ఎగరగొట్టి 420 వేస్తే వచ్చేదే ఆ సెకనుకు 30.8 కి.మీ. సెకనుకు 11.2 కి.మీ. దాటితే ఏ వస్తువైనా భూమిని వదిలి పోతుంది కదా, 30తో ఎలా చుట్టూ తిరుగుతుంది? ప్రశ్నలో "భూకేంద్రం నుంచి దూరం" అనే ఇస్తే మాత్రం మళ్లీ వ్యాసార్థం కలపకండి. ఈ తిరుగు తప్పు కూడా తక్కువేం కాదు.

2. ప్రమాణాలు ఒక్కసారి చూసుకోండి. దూరం కిలోమీటర్లలో ఉంటే జీఎం 3,98,600. దూరం మీటర్లలో ఉంటే 3.986 × 10¹⁴. ఒకటి అటూ ఒకటి ఇటూ వేస్తే జవాబు సరిగ్గా 31.6 రెట్లు తేడా వస్తుంది, ఎందుకంటే 1,000కి వర్గమూలం 31.6. మీ జవాబుకూ పుస్తకంలో జవాబుకూ తేడా 31.6 రెట్లు ఉంటే ఇంకెక్కడా వెతక్కండి, ఇక్కడికే రండి.

3. భాగించండి. 3,98,600 ÷ 6,791 = 58.695.

4. వర్గమూలం తీయండి. చేత్తో చేసేవాళ్లకు తేలిక దారి ఇది. 7 వర్గం 49, 8 వర్గం 64. 58.695 ఈ రెండింటి మధ్య, 8కి కాస్త దగ్గరగా ఉంది. 7.7 అని ఊహించండి. 58.695ను 7.7తో భాగిస్తే 7.623. ఊహనూ దీన్నీ కలిపి సగం చేస్తే 7.661. ఒక్క విడతలోనే మూడు దశాంశాలు వచ్చేశాయి. ఊహ బాగా తప్పితే వచ్చిన సగటుతో ఇంకోసారి భాగించి మళ్లీ సగం చేయండి. రెండు విడతలు మించి అరుదుగా పడుతుంది.

వేగం సెకనుకు 7.66 కి.మీ. శ్రీకాకుళం నుంచి విజయనగరానికి గాల్లో గీత గీస్తే 57 కి.మీ. దాకా ఉంటుంది. బస్సులో ఆ ప్రయాణం చేసినవాళ్లకు తెలుసు ఎంతసేపో. అంతరిక్ష కేంద్రానికి ఏడున్నర సెకన్లు. గంటకు ఎంతో కావాలంటే 3,600తో గుణించండి: సుమారు 27,580 కి.మీ.

ఈ మెట్టులో వర్గమూలం తీయడం మర్చిపోయి 58.7 అని రాసేసేవాళ్లూ ఉన్నారు. మెట్టు ఒకటిలో చెప్పిన 11.2 హద్దు దీన్నీ పట్టేస్తుంది.

5. కాలం కట్టండి. 6.2832 × 6,791 = 42,669 కి.మీ., ఇది కక్ష్య చుట్టుకొలత. దీన్ని 7.661తో భాగిస్తే 5,570 సెకన్లు. 60తో భాగిస్తే 92.8 నిమిషాలు.

ఇక్కడ ఆగండి. కాలిక్యులేటర్ 92.82 అని చూపిస్తే అది 92 నిమిషాల 82 సెకన్లు కాదు. చుక్క తర్వాతున్న 0.82ను 60తో గుణించాలి: 49 సెకన్లు. 92 నిమిషాల 49 సెకన్లు. నవ్వుకోవద్దు, మంచి మార్కులు వచ్చే పిల్లలు కూడా చేసే పొరపాటు ఇది.

6. రోజుకు ఎన్ని చుట్లో చూడండి. 1,440 ÷ 92.82 = 15.5. అంతరిక్ష కేంద్రం రోజుకు పదిహేనున్నర చుట్లు కొడుతుందని మీరు వినే ఉంటారు. సరిపోయింది.

జవాబును పట్టి చూడడం

ముందు రెండు హద్దులు గుర్తుపెట్టుకోండి. భూమిని రాసుకుంటూ, గాలీ కొండలూ అడ్డం లేకుండా తిరిగే ఉపగ్రహం ఒకటి ఊహించుకుంటే దాని వేగం సెకనుకు 7.91 కి.మీ., ఒక చుట్టుకు 84.4 నిమిషాలు. భూమి చుట్టూ వృత్తాకార కక్ష్యలో ఏ ఉపగ్రహమూ 7.91 కంటే వేగంగా పోదు, 84.4 నిమిషాల కంటే తొందరగా చుట్టి రాదు. మీ జవాబు ఈ గీత దాటితే తప్పే.

తర్వాత నోటిలెక్క. 1,000 కి.మీ. లోపు ఎత్తులకు ప్రతి 100 కి.మీ.కీ కాలం సుమారు 2 నిమిషాలు పెరుగుతుంది, వేగం సుమారు 0.06 కి.మీ. తగ్గుతుంది. 420 కి.మీ.కి: 84.4 + 8.4 = 92.8 నిమిషాలు. 7.91 − 0.25 = 7.66. సూత్రంతో పని లేకుండానే జవాబు అక్కడికే వచ్చింది చూడండి. బహుళైచ్ఛిక ప్రశ్నలకు చాలాసార్లు ఇదే చాలు. 1,000 దగ్గరికి వచ్చేసరికి ఇది అర నిమిషం పైన తప్పుతుంది. ఆ పైన వాడకండి.

"పైకెళ్తే వేగం పెరగాలి కదా?" అని చాలామందికి అనిపిస్తుంది. కాదు. పైకెళ్లేకొద్దీ వేగం తగ్గుతుంది, చుట్టు పెద్దదవుతుంది, రెండూ కలిసి కాలాన్ని ఇంకా పెంచుతాయి. ఇంకో వింత చెప్పాలంటే, ఆ ఎత్తులో ఉన్న కొద్దిపాటి గాలి రాపిడికి ఉపగ్రహం కిందికి దిగితే దాని వేగం పెరుగుతుంది. రాపిడి వేగాన్ని పెంచడమేమిటని తల గోక్కోకండి. కిందికి దిగిన ప్రతిదీ వేగం పుంజుకుంటుంది, ఇదీ అంతే.

వ్యాసార్థం 6,371 వేయాలా 6,378 వేయాలా అన్నదానికి పెద్ద చర్చ అక్కర్లేదు. అంతరిక్ష కేంద్రం కాలంలో తేడా 9 సెకన్లు. 6,400 ఇచ్చి ప్రశ్న అడిగితే మాత్రం 6,400 వేయండి. జవాబుల పట్టిక దానికే కట్టి ఉంటుంది.

పరీక్షలో జీఎం ఇవ్వకుండా గురుత్వ త్వరణం 9.8 మాత్రమే ఇస్తే భయపడకండి. జీఎం అంటే గురుత్వ త్వరణం × భూమి వ్యాసార్థం వర్గం. భూతలం దగ్గరి ఉపగ్రహానికైతే ఇంకా తేలిక: వేగం = √(9.8 × 64,00,000) = 7,920 మీటర్లు. ఇక్కడ మీటర్లే వాడాలి. 9.8 అన్నది మీటర్ల లెక్క కాబట్టి. గుణించాల్సిన వ్యాసార్థం భూమిది, కక్ష్యది కాదు. ఆ తేడా చూడకపోతే ఎత్తైన కక్ష్యలకు జవాబు ఘోరంగా తప్పుతుంది.

తిరుగు లెక్క: కాలం తెలుసు, ఎత్తు ఎంత?

మీ డాబా మీద డిష్ ఉంటే దీనికి ఉదాహరణ ఇంట్లోనే ఉంది. మన దేశపు డీటీహెచ్ ఉపగ్రహాలు కొన్ని తూర్పు రేఖాంశం 83 డిగ్రీల దగ్గర ఉంటాయి. విజయనగరం 83.4, శ్రీకాకుళం 83.9. అందుకే ఆ ఉపగ్రహాలకు కట్టిన డిష్‌లు మన దగ్గర ఇంచుమించు నేరుగా దక్షిణానికే తిరిగి ఉంటాయి. ఉపగ్రహం ఆకాశంలో సుమారు 68 డిగ్రీల ఎత్తున ఉంటుంది. డిష్ చూస్తే అంత పైకి ఎత్తినట్టు అనిపించదు, ఆఫ్‌సెట్ డిష్ (సిగ్నల్‌ను ఏటవాలుగా పట్టే రకం) కాబట్టి. ఒకసారి బిగించాక ఏళ్ల తరబడి కదపకుండా బొమ్మ వస్తోందంటే, ఉపగ్రహం భూమితో పాటే తిరుగుతోందన్నమాట.

ఎంత కాలంలో తిరగాలి? 24 గంటలు అని రాస్తే అరమార్కు తప్పు. భూమి తన చుట్టూ తాను తిరగడానికి పట్టేది 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు, అంటే 86,164 సెకన్లు. 24 గంటలు సూర్యుడు మళ్లీ నడినెత్తికి రావడానికి పట్టే కాలం. ఈలోగా భూమి సూర్యుడి చుట్టూ కొంచెం జరుగుతుంది కాబట్టి ఆ నాలుగు నిమిషాలు అదనం.

• కాలాన్ని వర్గం చేయండి: 86,164² = 7.4242 × 10⁹.
• జీఎంతో గుణించండి: 2.9593 × 10¹⁵.
• 39.478తో భాగించండి (6.2832 వర్గం): 7.496 × 10¹³.
• ఘనమూలం తీయండి: 42,164 కి.మీ.
• వ్యాసార్థం తీసేయండి: 42,164 − 6,378 = 35,786 కి.మీ. ఎత్తు.

ఇలా భూమితో పాటే తిరిగే కక్ష్యను భూస్థిర కక్ష్య అంటారు, అది భూమధ్యరేఖ మీదే ఉంటుంది, అందుకే ఇక్కడ 6,378 తీశాం. వేగం సెకనుకు 3.07 కి.మీ.

చివరి మెట్టు మర్చిపోయి ఎత్తు 42,164 అని రాయడం ఇక్కడ మామూలుగా జరిగే తప్పు. 86,400 సెకన్లు వేస్తే దూరం 42,241 వస్తుంది. 77 కి.మీ.యే కదా అనిపిస్తుంది. కానీ అక్కడ పెట్టిన ఉపగ్రహం రోజుకు ఒక డిగ్రీ చొప్పున పడమటికి వెనకబడుతుంది. రెండు మూడు రోజుల్లో డిష్‌కు సిగ్నల్ పోతుంది. పరీక్షలో 24 గంటలు ఇస్తే 86,400తోనే చేయండి, అది వేరే సంగతి.

కక్ష్య గుండ్రంగా లేకపోతే

2023 జులై 14న శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3ను రాకెట్ మొదట సుమారు 170 × 36,500 కి.మీ. కక్ష్యలో వదిలింది. దగ్గరి ఎత్తు 170, దూరపు ఎత్తు 36,500 అని అర్థం. కాలానికి పద్ధతి అదే, దూరం చోట రెండు దూరాల సగటు వేయాలి:

(170 + 36,500) ÷ 2 = 18,335. దీనికి 6,378 కలిపితే 24,713 కి.మీ. ఆ దూరాన్ని వృత్తమనుకుని మామూలుగా కాలం కట్టండి. 644 నిమిషాలు, అంటే 10 గంటల 44 నిమిషాలు వస్తుంది.

వేగానికి మాత్రం సగటు పనికిరాదు. దీర్ఘవృత్తంలో వేగం చోటు చోటుకీ మారుతుంది:

వేగం² = జీఎం × (2 ÷ అప్పటి దూరం − 1 ÷ సగటు దూరం)

దగ్గరి చోట దూరం 6,548. వేగం సెకనుకు 10.28 కి.మీ. దూరపు చోట 42,878. వేగం 1.57 కి.మీ. 10.28 అన్నది 7.91 హద్దు దాటింది కదా అంటారేమో; ఆ హద్దు వృత్తాలకే. దీర్ఘవృత్తాలకు హద్దు ఆ దూరంలోని పలాయన వేగం, అంటే భూమిని వదిలి పోయే వేగం; 170 కి.మీ. ఎత్తులో అది 11 పైనే.

దీన్ని పట్టి చూడడానికి చక్కటి ఉపాయం ఉంది. రెండు చివర్లలోనూ దూరాన్ని వేగంతో గుణించండి, ఒకే అంకె రావాలి. 6,548 × 10.277 = 67,294. 42,878 × 1.5694 = 67,293. రాకపోతే ఎక్కడో ఎత్తు, దూరం కలిసిపోయాయి.

మీరే చేసి చూసుకోవడానికి

• 1957 అక్టోబరు 4న వెళ్లిన స్పుత్నిక్: 215 × 939 కి.మీ. 6,378 వాడితే 96.2 నిమిషాలు రావాలి. రికార్డుల్లో ఉన్నదీ అదే.
• జీపీఎస్ ఉపగ్రహం, భూకేంద్రం నుంచి 26,560 కి.మీ. (వ్యాసార్థం కలపకండి): సెకనుకు 3.87 కి.మీ., 11 గంటల 58 నిమిషాలు.
• చంద్రుడి ఉపరితలం నుంచి 100 కి.మీ. ఎత్తున తిరిగే ఆర్బిటర్. ఇక్కడ భూమి అంకెలన్నీ పక్కన పెట్టాలి: చంద్రుడి జీఎం 4,903, వ్యాసార్థం 1,737. సెకనుకు 1.63 కి.మీ., 118 నిమిషాలు.
• చంద్రుడే: దూరం 3,84,400 కి.మీ. లెక్క 27.45 రోజులు ఇస్తుంది, అసలు విలువ 27.32. మీరు తప్పు చేయలేదు. ఉపగ్రహం బరువు అక్కర్లేదని పైన అన్నాం కదా, చంద్రుడి దగ్గర ఆ మాట పూర్తిగా చెల్లదు. అతడి ద్రవ్యరాశి భూమిలో 81వ వంతు, తేడాకు ముఖ్య కారణం అదే. పౌర్ణమి నుంచి పౌర్ణమికి 29.5 రోజులు కదా అని దానితో పోల్చకండి. చంద్రుడు బయల్దేరిన నక్షత్రానికే తిరిగి రావడం 27.32 రోజులు, పంచాంగంలో రోజుకు ఇంచుమించు ఒక్కటి చొప్పున 27 నక్షత్రాలు నడిచేది ఈ లెక్క మీదే.

ఆకాశంలో సరిచూడడం

కాగితం మీద వచ్చిన 7.66ను కంటితో సరిచూడొచ్చు. వానలూ తుపాన్లూ వెళ్లాక, డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య, కళింగపట్నం తీరంలోనో ఊరి చివర డాబా మీదో చీకటి బాగానే ఉంటుంది. అంతరిక్ష కేంద్రం మీ ఊరి మీదుగా ఎప్పుడు వెళ్తుందో నాసా "స్పాట్ ద స్టేషన్" యాప్ చెబుతుంది. గరిష్ఠ ఎత్తు 80 డిగ్రీల పైన ఉన్న రోజే ఎంచుకోండి. 60 డిగ్రీలకు అది మీకు 480 కి.మీ. దూరమవుతుంది, లెక్క చెడుతుంది.

1. చాప వేసుకుని వెల్లకిలా పడుకోండి. చెయ్యి పూర్తిగా చాపి పిడికిలి బిగిస్తే దాని అడ్డం వెడల్పు సుమారు 10 డిగ్రీలు. ముందే రెండు పిడికిళ్లు పక్కపక్కన నడినెత్తికి చేర్చి, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో దగ్గరి చుక్కలతో గుర్తుపెట్టుకోండి. అది 20 డిగ్రీలు.

2. మిణుకుమనకుండా సాగిపోయే తెల్లటి చుక్క మొదటి గుర్తు దాటగానే స్టాప్‌వాచ్ నొక్కండి, రెండో గుర్తు దగ్గర ఆపండి. ఎర్రదీపాలు మిణుకుతూ పోతే అది విశాఖ విమానం.

3. 420 కి.మీ. ఎత్తున ఆ 20 డిగ్రీలు 148 కి.మీ. దాన్ని మీ సెకన్లతో భాగించండి. 20 సెకన్లు వస్తే వేగం 7.4.

7.66 ఎందుకు రాలేదంటే, మీరు పడుకున్న నేల కూడా తూర్పుకే కదులుతోంది. అంతరిక్ష కేంద్రం కూడా తూర్పు వైపే పోతుంది కాబట్టి మీకు దాని వేగం 0.3 దాకా తగ్గి కనిపిస్తుంది. 7.3, 7.4 వస్తే బ్రహ్మాండంగా వచ్చినట్టే. స్టాప్‌వాచ్ ఒక సెకను అటూ ఇటూ అయితే 0.4 తేడా పడుతుంది. 5 గానీ 10 గానీ వస్తే పిడికిలి కొలత తప్పింది. మణికట్టు దగ్గర చెయ్యి వంగకుండా, మోచెయ్యి తిన్నగా ఉంచి మళ్లీ చూడండి.

చుట్టు కాలాన్నీ ఇలాగే పట్టేద్దామని 93 నిమిషాలు డాబా మీదే కూర్చోకండి. ఆలోగా భూమి 23 డిగ్రీలు తిరిగిపోతుంది. అంతరిక్ష కేంద్రం చెప్పిన టైముకే వస్తుంది, కానీ మన అక్షాంశాన్ని సుమారు 2,460 కి.మీ. పడమట, ఒమన్‌కు ఇవతల అరేబియా సముద్రం మీద దాటుతుంది.